సొంతంగా కట్టుకున్న సింథ్‌లో కావాల్సిన శబ్దం రప్పించడం ఎలా

“టంకం పని అయిపోయింది, సింథ్ మోగుతోంది. కానీ ఏ నాబ్ తిప్పినా అంబులెన్స్ సైరనో దోమ రొదో వస్తోంది. పాటలో వాడుకోదగ్గ శబ్దం ఒక్కటీ రావడం లేదు.” సింథ్ (సింథసైజర్, కరెంటుతో శబ్దం పుట్టించే వాద్యం) కిట్ కట్టడం పూర్తిచేసినవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. చాలాసార్లు సర్క్యూట్‌లో తప్పేమీ ఉండదు. నాబ్‌లు తిప్పే వరసలోనే ఉంటుంది తప్పంతా. కొత్తవాళ్ల చేయి ముందు ఆసిలేటర్ (స్వరం పుట్టించే భాగం) మీదికి, ఆ వెంటనే రెజొనెన్స్ (ఫిల్టర్ కోసే చోటు దగ్గరి శబ్దాన్ని ఉబ్బించే నాబ్) మీదికి పోతుంది. చెవి మాత్రం ఒక శబ్దాన్ని గుర్తుపట్టేటప్పుడు అది ఎలా మొదలైంది, ఎలా ఆగింది అనేదే ముందు చూస్తుంది. అందుకే ఇక్కడ వరస తిరగేశాం: ముందు ఎన్వలప్ (శబ్దం లేచి, నిలిచి, ఆగే తీరు), తర్వాత ఫిల్టర్ (పై ధ్వనులను కోసేది), ఆఖరున ఆసిలేటర్.

ఈ అంకెలన్నీ ఇలాంటి యంత్రానికి సరిపోతాయి: ఏఎస్3340 చిప్‌లతో రెండు ఆసిలేటర్లు (వీసీఓ), 24 డెసిబెల్ లాడర్ ఫిల్టర్ (వీసీఎఫ్), ఎల్‌ఎం13700 చిప్‌తో వీసీఏ (శబ్దాన్ని పెంచి తగ్గించే భాగం), రెండు ఏడీఎస్‌ఆర్ ఎన్వలప్‌లు (ఎటాక్ శబ్దం లేచే కాలం, డికే ఆ తర్వాత దిగే కాలం, సస్టైన్ మెట్టు నొక్కి ఉన్నంతసేపూ నిలిచే మట్టం, రిలీజ్ వదిలాక ఆగే కాలం), ఒక ఎల్‌ఎఫ్‌ఓ (నెమ్మదిగా ఊపే ఆసిలేటర్), నాయిస్ (హోరు), ప్లస్ మైనస్ 12 వోల్టుల సప్లై, ఆక్టేవ్‌కి ఒక వోల్టు లెక్క (వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి, అంటే హెర్ట్జ్ రెట్టింపు). మీది వేరే డిజైన్ అయినా వరస మారదు, అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి.

కావలసినవి

- మల్టీమీటర్. 2 వోల్టుల రేంజ్ ఉన్నది.
- ఫోన్‌లో ట్యూనర్ యాప్. సెంట్లే (స్వరస్థానంలో నూరో వంతు) కాక హెర్ట్జ్ కూడా చూపించాలి.
- కంప్యూటర్‌లో ఆడాసిటీ (ఉచితమే), ఒక ఆడియో ఇంటర్‌ఫేస్.
- 10 కిలో ఓమ్, 1 కిలో ఓమ్ రెసిస్టర్లు ఒక్కొక్కటి.
- పెన్సిల్, ప్యానెల్ మీద అంటించడానికి కాగితం టేపు.
- స్టెప్ సీక్వెన్సర్ (అడుగుకొక స్వరం చొప్పున వరసగా తనే వాయించేది) ఉంటే మంచిది. తంబుర శబ్దానికి పనికొస్తుంది.

రెసిస్టర్లు ఎందుకంటే, సింథ్ లోపలి సిగ్నల్ 10 వోల్టుల పీక్-టు-పీక్ దాకా ఉంటుంది. ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కి అంత అక్కర్లేదు. సిగ్నల్ తీగకు వరసగా 10 కిలో ఓమ్, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 1 కిలో ఓమ్ పెడితే పదకొండో వంతే, అంటే సుమారు 0.9 వోల్టులు బయటికి వస్తుంది. దీన్ని ఫోన్ మైక్ సాకెట్‌కి మాత్రం కలపకండి. ఆ సాకెట్‌లో మైక్ కోసం సొంత వోల్టేజ్ ఉంటుంది, పైగా మైక్‌కి 0.9 వోల్టులు కూడా చాలా ఎక్కువ.

హెచ్చరిక: రెజొనెన్స్ పెంచేటప్పుడు హెడ్‌ఫోన్స్ చెవిలో పెట్టుకోవద్దు. ఫిల్టర్ ఈలలోకి వెళ్లిన క్షణంలో శబ్దం ఒక్కసారిగా ఎగురుతుంది. చిన్న స్పీకర్‌తో, వాల్యూమ్ తగ్గించి పని చేయండి.

మొదలుపెట్టే ముందు: ప్యానెల్ మీద గీతలు

ఈ భాగాన్ని దాటేసినవాళ్లే మళ్లీ వచ్చి అడుగుతుంటారు. “కటాఫ్ 200 హెర్ట్జ్ దగ్గర పెట్టండి” అని ఎవరైనా రాస్తే, మీ నాబ్ మీద ఆ 200 ఎక్కడుందో మీకు తెలియాలి కదా. కటాఫ్ అంటే ఫిల్టర్ పై ధ్వనులను కోయడం మొదలుపెట్టే చోటు.

1. సింథ్ ఆన్ చేసి అరగంట వదిలేయండి. చిప్‌లు వేడెక్కేదాకా శ్రుతి జారుతూనే ఉంటుంది. ఫ్యాన్ గాలి నేరుగా బోర్డుకి తగలకుండా చూడండి. 3340లో ఉష్ణోగ్రత సర్దుబాటు చిప్ లోపలే ఉంది. విడి ట్రాన్సిస్టర్లతో కట్టిన ఆసిలేటర్ అయితే మే నెల మధ్యాహ్నం ఒక శ్రుతిలో, ఏసీ వేశాక ఇంకో శ్రుతిలో ఉంటుంది.

2. ఆసిలేటర్ స్కేల్ చూడండి. కీబోర్డ్ కింది మెట్టు నొక్కి ట్యూన్ నాబ్‌తో 110 హెర్ట్జ్‌కి తెండి. మూడు ఆక్టేవ్‌లు పైకెళితే 880 రావాలి. ఎక్కువ వస్తే స్కేల్ ప్రీసెట్‌ని (బోర్డు మీద స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్) కొద్దిగా తగ్గించండి, తక్కువ వస్తే పెంచండి. ప్రీసెట్ కదిపితే కింది స్వరం కూడా కదులుతుంది. కాబట్టి మళ్లీ 110కి తెచ్చి, మళ్లీ పైన చూడాలి. ఐదారుసార్లు తిరిగితే కుదురుతుంది. రెండో ఆసిలేటర్‌కీ ఇదే పని.

3. ఆసిలేటర్లు, నాయిస్ అన్నీ మిక్సర్‌లో సున్నా చేయండి. వీసీఏ తెరిచి, రెజొనెన్స్ పూర్తిగా పెంచండి. ఫిల్టర్ తనంతట తానే ఈల వేస్తుంది. ట్యూనర్ యాప్ చూస్తూ కటాఫ్ తిప్పి 100, 200, 400, 800, 1600, 3200 హెర్ట్జ్ దగ్గర టేపు మీద పెన్సిల్ గీతలు పెట్టండి. మీ ఫిల్టర్ ఈల వేసే రకం కాకపోతే నాయిస్ పంపి, రెజొనెన్స్ పెంచి, ఆడాసిటీ స్పెక్ట్రమ్‌లో శిఖరం ఎక్కడుందో చూసి గీయండి.

4. ఎన్వలప్ కాలాలు. సస్టైన్ సున్నా చేసి, డికే నాబ్‌ని ఒక్కో చోట ఉంచి, మెట్టు నొక్కే ఉంచి రికార్డు చేయండి. వేవ్ ఎంతసేపటికి సన్నబడిపోయిందో ఆడాసిటీలో కొలిచి 50, 250 మిల్లీసెకన్లు, 1, 4 సెకన్లు గుర్తు పెట్టండి. గీతలన్నీ నాబ్ మొదట్లోనే ఇరుక్కుపోయాయంటే మీరు వేసింది లీనియర్ పాట్. 1 మెగా ఓమ్ లాగ్ పాట్ (‘ఎ’ గుర్తు ఉన్నది) వేస్తే గీతలు విడివిడిగా వస్తాయి. షాపులో ఉత్తినే “ఒక మెగా పాట్” అని అడగకండి, ‘ఎ’ కావాలని చెప్పి, పాట్ మీద అచ్చు చూసి తీసుకోండి.

ఇదంతా ఒక సాయంత్రం పని, మళ్లీ చేయనక్కర్లేదు.

ఖాళీ ప్యాచ్

ఏ శబ్దం చేయాలన్నా ఇక్కడి నుంచే బయలుదేరండి. ముందు చేసిన శబ్దం మీద కొత్తది కట్టబోతే, ఎక్కడో మర్చిపోయిన ఒక నాబ్ గంటసేపు తిప్పలు పెడుతుంది.

- వీసీఓ1 సాటూత్ (రంపం పళ్ల ఆకారపు వేవ్), మిక్సర్‌లో సగం. వీసీఓ2, నాయిస్ సున్నా.
- కటాఫ్ పూర్తిగా తెరిచి, రెజొనెన్స్ సున్నా, ఫిల్టర్‌కి ఎన్వలప్ మోతాదు సున్నా.
- వీసీఏ ఎన్వలప్: ఎటాక్ కనిష్ఠం, డికే మధ్యలో, సస్టైన్ పూర్తి, రిలీజ్ కనిష్ఠం.
- ఎల్‌ఎఫ్‌ఓ ఎక్కడికీ వెళ్లకూడదు. గ్లైడ్ (స్వరం నుంచి స్వరానికి జారడం) సున్నా.

మెట్టు నొక్కితే చదునుగా, కరుకుగా ఒక మోత. వదిలితే టక్కున ఆగాలి. ఆగకపోతే వీసీఏకి ఎక్కడో స్థిరమైన వోల్టేజ్ పోతోంది, ముందు అది చూడండి.

మిక్సర్ సగం దగ్గర ఎందుకు? లాడర్ ఫిల్టర్‌కీ ఎల్‌ఎం13700కీ లోపల చాలా చిన్న సిగ్నల్ కావాలి. రెండు ఆసిలేటర్లూ పూర్తిగా తెరిస్తే ఫిల్టర్‌లోకి చేరగానే సిగ్నల్ చితికిపోతుంది. ఆ గరగర కొన్నిసార్లు బాగుంటుంది కూడా, కానీ కావాలని పెట్టుకున్నప్పుడే.

బేస్: వరస నేర్చుకోవడానికి

1. వీసీఏ ఎన్వలప్ ముందు: ఎటాక్ 3 నుంచి 5 మిల్లీసెకన్లు, డికే 400, సస్టైన్ నాలుగో వంతు, రిలీజ్ 80. ఎటాక్ పూర్తిగా సున్నా పెడితే ప్రతి స్వరం ముందు ‘టిక్’ అంటుంది. ఈ దశలోనే, ఇంకా ఫిల్టర్ ముట్టుకోకుండా, మీ పాటలోని నాలుగు స్వరాలు వాయించి చూడండి. తాళంలో ఒదగకపోతే ముందుకెళ్లొద్దు. డికే, రిలీజ్ ఇక్కడే సరిచేయండి.

2. కటాఫ్ 200 హెర్ట్జ్‌కి దించండి. శబ్దం ముద్దగా, దుప్పటి కప్పినట్టు అవుతుంది. సరే.

3. ఫిల్టర్ ఎన్వలప్: ఎటాక్ కనిష్ఠం, డికే 250, సస్టైన్ సున్నా, రిలీజ్ కూడా 250. ఇప్పుడు మోతాదు నాబ్ మెల్లగా పెంచండి. కటాఫ్ దగ్గర కూడా వోల్టుకి ఒక ఆక్టేవ్ లెక్కే. మీ ఎన్వలప్ శిఖరం 5 వోల్టులైతే నాబ్ సగం దగ్గర రెండున్నర ఆక్టేవ్‌లు, అంటే 200 నుంచి సుమారు 1130 హెర్ట్జ్‌కి ఎగిరి దిగుతుంది. బేస్‌కి ఇది చాలు. ఎన్వలప్ 8 వోల్టులది అయితే ఆ ప్రభావం మూడో వంతు లోపే వచ్చేస్తుంది. “మోతాదు కొంచెం కదిపితేనే ‘ప్యూ’ అంటోంది” అనేవాళ్ల యంత్రాలు ఇలాంటివే.

4. రెజొనెన్స్ పావు వంతు. అంతకు మించితే లాడర్ ఫిల్టర్ కింది బలాన్ని తినేస్తుంది. బేస్‌లో పోగొట్టుకోకూడనిది అదే.

5. ఇప్పుడు వీసీఓ2. స్క్వేర్, ఒక ఆక్టేవ్ కింద, మిక్సర్‌లో పావు వంతు. లావు ఇంకా కావాలంటే వీసీఓ2ని అదే ఆక్టేవ్‌కి తెచ్చి, కొంచెం శ్రుతి తప్పించండి. 65 హెర్ట్జ్ స్వరం దగ్గర అర హెర్ట్జ్ తేడా పెడితే రెండు సెకన్లకొక ఊగు (శబ్దం పెరిగి తగ్గడం) వస్తుంది, చక్కగా ఉంటుంది. అదే అమరికతో మూడు ఆక్టేవ్‌లు పైన వాయిస్తే సెకనుకి నాలుగు ఊగులు, కడుపులో తిప్పినట్టుంటుంది. కాబట్టి మీరు నిజంగా వాయించే స్వరాల మధ్యలో నిలబడి ఈ తేడా పెట్టండి.

ట్రయాంగిల్ వాడబోయి “శబ్దమే లేదు” అనుకోకండి. 12 వోల్టుల సప్లైతో 3340 కాలి దగ్గర సాటూత్ సుమారు 8 వోల్టులు ఉంటే ట్రయాంగిల్ 4 మాత్రమే. మీ బోర్డులో ఆ తేడా సర్దే ఆంప్లిఫయర్ లేకపోతే మిక్సర్‌లోనే పెంచుకోవాలి.

ఎలా సరిచూడాలి: రికార్డు చేసి ఫోన్ స్పీకర్‌లో వినండి. ఫోన్‌లో 65 హెర్ట్జ్ వినబడదు, స్వరం మాత్రం పై హార్మోనిక్స్ (స్వరానికి రెండింతలు, మూడింతలు హెర్ట్జ్‌లో ఉండే తోడు ధ్వనులు) వల్ల తెలియాలి. అసలేమీ తెలియకపోతే మోతాదు ఇంకొంచెం పెంచండి.

తంబుర: ఎక్కువమంది తడబడేది ఇక్కడే

రాగ సాధనకో, పాట అడుగున పరచడానికో దీన్ని అడుగుతారు. అచ్చమైన తంబుర ఈ యంత్రంలో రాదు. తంబుర జీవాలో (తీగ కింది దారం వల్ల వచ్చే గుంజనంలో) ఒక్కో హార్మోనిక్ ఒక్కోలా పుట్టి పోతుంది, ఒక్క ఫిల్టర్‌తో అదంతా కుదరదు. నమ్మదగ్గ శ్రుతి, కొంత గుంజనం మాత్రం తప్పకుండా వస్తాయి.

1. ఖాళీ ప్యాచ్. సీక్వెన్సర్‌లో నాలుగు అడుగులు: ప, స, స, మంద్ర స. అడుగుకి సెకను. మధ్య స 2 వోల్టుల దగ్గర పెట్టుకుంటే మంద్ర స 1 వోల్టు, దాని పైనున్న ప 1.585 వోల్టులు. ఈ మూడో అంకె కోసం మీటర్ 2 వోల్టుల రేంజ్‌లో ఉండాలి. 20 వోల్టుల రేంజ్‌లో మామూలు మీటర్ 10 మిల్లీవోల్టుల కంటే సన్నగా చూపదు, 10 మిల్లీవోల్టులంటే 12 సెంట్లు.

2. ప చివరగా చెవితోనే కుదరాలి. కీబోర్డ్ నుంచి వచ్చే ప సమాన విభజన (ఆక్టేవ్‌ని 12 సమాన భాగాలు చేసిన) లెక్కది, శుద్ధ పంచమం కంటే 2 సెంట్లు తక్కువ. చిన్న తేడాయే, అయినా దాచుకోదు: స 130.8 హెర్ట్జ్ అయితే స మూడో హార్మోనిక్, ప రెండో హార్మోనిక్ కలిసేచోట రెండుంపావు సెకన్లకొక ఊగు వస్తుంది. వీసీఓ2ని స మీద నిలిపి, వీసీఓ1ని ప మీద పట్టి, ఆ ఊగు నిదానించి ఆగిపోయేదాకా ప అడుగు నాబ్ కదపండి. హిందోళం లాంటి ప లేని రాగానికి ఆ అడుగులో మ పెట్టండి: మంద్ర సకి 0.415 వోల్టుల పైన, అంటే 1.415.

3. వీసీఏ ఎన్వలప్: ఎటాక్ 10 మిల్లీసెకన్లు, డికే 4 సెకన్లు, సస్టైన్ సున్నా, రిలీజ్ కూడా 4 సెకన్లు. ఈ రిలీజే అసలు కీలకం. సీక్వెన్సర్ గేటు (మెట్టు నొక్కి ఉందని ఎన్వలప్‌కి చెప్పే వోల్టేజ్) అడుగు మధ్యలో పడిపోతుంది. పడిన క్షణం నుంచి డికే నాబ్‌కి పని లేదు, రిలీజ్‌దే అధికారం. “డికే నాలుగు సెకన్లు పెట్టినా తీగ టప్పున చచ్చిపోతోంది” అన్న ప్రశ్నకి జవాబు ఇదొక్కటే. ఫిల్టర్ ఎన్వలప్‌లో కూడా రిలీజ్ డికేతో సమానంగా ఉంచండి.

4. కటాఫ్ 500, ఎన్వలప్ మోతాదు మూడు ఆక్టేవ్‌లు (4000 హెర్ట్జ్ దాకా), డికే 3 సెకన్లు, రెజొనెన్స్ 60 నుంచి 70 శాతం. ఫిల్టర్ శిఖరం పై నుంచి దిగుతూ ఒక్కో హార్మోనిక్‌ని తాకుతుంది, జీవా అనిపించేది అదే. ఈల వినబడితే రెజొనెన్స్ ఎక్కువైంది.

5. వేవ్‌ఫామ్: పల్స్, వెడల్పు 10 నుంచి 12 శాతం. స్క్వేర్ వాడకండి. అందులో సరి హార్మోనిక్స్ ఉండవు, బోలుగా వినిపిస్తుంది. మరీ 3, 4 శాతానికి దించితే కొన్ని 3340 బోర్డుల్లో పల్స్ ఆగిపోతుంది, శబ్దం పోయిందని కంగారుపడొద్దు.

6. వీసీఓ2 సాటూత్‌ని మంద్ర స మీద, తక్కువ మోతాదులో. వీలైతే వీసీఏ దాటించి నేరుగా బయటి మిక్సర్‌కి పంపండి. అప్పుడు తీగలు మీటుతూ ఉంటే అడుగున శ్రుతి తెగకుండా నిలుస్తుంది.

సరిచూడటం: పది నిమిషాలు వదిలేసి మళ్లీ వినండి. ఊగు మొదలైందంటే ఏదో ఒక ఆసిలేటర్ జారుతోంది. ఇంకో లోపం దీనికి సరిగ్గా ఎదురు: రెండు ఆసిలేటర్లు దగ్గరికి రాగానే ఒకదానికొకటి అతుక్కుపోయి ఊగే రాకపోవడం. పరీక్షకి రెండింటినీ ఒకే స్వరంలో పెట్టి, మూడు సెకన్లకొక ఊగు వచ్చేలా తేడా పెట్టడానికి ప్రయత్నించండి. ఊగు నిదానిస్తూ వచ్చి హఠాత్తుగా ఆగిపోతే అతుక్కున్నాయన్నమాట. సప్లై తీగ ద్వారా ఒకదాని మోత ఇంకోదానిలోకి పోతోంది. ప్రతి చిప్ సప్లై కాళ్ల పక్కనే 100 నానోఫారడ్, బోర్డు మొదట్లో 10 మైక్రోఫారడ్ వేసి, రెండింటికీ సప్లై నుంచే వేరువేరు తీగలు లాగండి.

దరువు

డప్పు లాంటి దెబ్బకి: వీసీఓ1 ట్రయాంగిల్ 160 హెర్ట్జ్, నాయిస్ పావు వంతు. వీసీఏ ఎటాక్ కనిష్ఠం, డికే 200 మిల్లీసెకన్లు, సస్టైన్ సున్నా, రిలీజ్ 200. కటాఫ్ 200, మోతాదు నాలుగు ఆక్టేవ్‌లు, డికే, రిలీజ్ 60. దెబ్బ పడగానే నాయిస్ 3200 దాకా తెరుచుకుని వెంటనే మూసుకుంటుంది, 160 హెర్ట్జ్ గుండె మాత్రం మిగులుతుంది. ఇక్కడ ఎటాక్ ‘టిక్’ తప్పు కాదు, పుల్ల దెబ్బ అదే.

కిక్ కావాలంటే నాయిస్ తీసేసి, ఆసిలేటర్ 55 హెర్ట్జ్‌కి దించి, ఫిల్టర్‌ని 500 దగ్గర వదిలి, ఆ చిన్న ఎన్వలప్‌ని ఆసిలేటర్ శ్రుతికి రెండు వోల్టులు ఇవ్వండి. 220 నుంచి 55కి పడుతుంది. డికే 40 నుంచి 60. 100 దాటితే బొమ్మ తుపాకీ అవుతుంది. ఎన్వలప్‌ని తిరగేసే నాబ్ ఉంటే శ్రుతి కింద నుంచి పైకి లేస్తుంది, మృదంగం తొప్పి మీద గుంకి ఛాయ కొంత వస్తుంది.

మళ్లీ మళ్లీ జరిగే తప్పులు

రెండో స్వరం మొద్దుగా వస్తోంది: మొదటి మెట్టు వదలకుండా రెండోది నొక్కుతున్నారు. గేటు పడిపోలేదు కాబట్టి ఎన్వలప్ మళ్లీ మొదలవలేదు. వేళ్లు ఎడంగా వాయించండి, లేదా మిడి కన్వర్టర్‌లో రీట్రిగర్ ఆన్ చేయండి. గమకాల కోసం గ్లైడ్‌తో వాయించేటప్పుడు మాత్రం ఈ గుణమే మీకు కావాలి.

ఆసిలేటర్లు సున్నా చేసినా మెట్టు నొక్కితే ‘టప్’ అంటోంది: ఎన్వలప్ వోల్టేజ్ వీసీఏలోంచి కారుతోంది. అలా నొక్కుతూనే ఎల్‌ఎం13700 ఆఫ్‌సెట్ ప్రీసెట్‌ని తిప్పి ఆ ‘టప్’ కనిష్ఠానికి తెండి. పూర్తిగా పోకపోవచ్చు.

పై స్వరాలు మసకగా ఉన్నాయి: ఫిల్టర్‌కి కీ ట్రాకింగ్ (స్వరంతో పాటు కటాఫ్ కూడా పైకి పోవడం) లేదు. సగం ఇవ్వండి. ఫిల్టర్ ఈలనే స్వరంగా వాయించాలంటే పూర్తిగా కావాలి. 90 శాతమైతే ఆక్టేవ్‌కి ఒక స్వరస్థానానికి పైగా తప్పుతుంది.

అడుగున ఎప్పుడూ ‘ఝుం’: అది 50 లేదా 100 హెర్ట్జ్ అని ట్యూనర్ చూపితే ప్యాచ్‌లో వెతకడం ఆపి, సప్లై, గ్రౌండ్ తీగలు చూడండి.

ఎన్వలప్ అసలు కదలడం లేదు: కీబోర్డ్ గేటు 5 వోల్టులే ఇస్తోంది, మీ ఎన్వలప్ అంతకంటే ఎక్కువ అడుగుతోంది. మీటర్ పెట్టి చూసి, ఎన్వలప్ ఇన్‌పుట్ దగ్గరి రెసిస్టర్ మార్చండి.

రాసి పెట్టుకోవడం

ఈ యంత్రానికి జ్ఞాపకం లేదు. ప్యానెల్ ఫోటో ఒక్కటే చాలదు. వాలుగా తీస్తే నాబ్ గీత ఎటుందో తెలియదు. నాబ్‌లను గడియారంలా చదివి రాయండి: ఏడు గంటలు కనిష్ఠం, పన్నెండు సగం, ఐదు గరిష్ఠం. కటాఫ్, ఎన్వలప్‌లకు మాత్రం మీరు గీసుకున్న హెర్ట్జ్, మిల్లీసెకన్లు రాయండి. ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది విడిగా రాసి, పక్కన ఆ శబ్దం పది సెకన్ల రికార్డింగ్ ఫైలు పేరు కూడా వేయండి. మర్నాడు ఖాళీ ప్యాచ్ నుంచి ఆ కాగితం చూసి మళ్లీ కట్టి, రికార్డింగ్‌తో పోల్చి వినండి. తేడా వస్తే ముందు ఫిల్టర్ మోతాదు నాబ్ చూడండి. రాయడం మర్చిపోయేది ఎక్కువగా దాన్నే.